రెండు మానిటర్లు పక్కపక్కన పెడితే

ఇరవై ఏళ్ల కిందట మన ఊళ్లలో నెట్ సెంటర్ అంటే ఇరుకు గది, ప్లైవుడ్ అడ్డగోడలు, ఒకదాన్నొకటి ఆనుకున్న డబ్బా మానిటర్లు. ఎంసెట్ ర్యాంకు చూసుకోవడానికి వెళ్లినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, కొన్ని తెరల మీద అక్షరాలు అటూ ఇటూ సన్నగా వణికేవి. మానిటర్ పోయిందనుకునేవాళ్లం. దానికేమీ కాలేదు. పక్క మానిటర్ ఆపేస్తే ఇది కుదురుగా నిలబడేది.

పిక్చర్ ట్యూబు పనిచేసే తీరే అంత. ట్యూబు మెడలోంచి బయల్దేరిన ఎలక్ట్రాన్లను పాతిక వేల వోల్టుల దాకా ఉండే వోల్టేజీ ముందుకు లాగుతుంది. అవి అద్దానికి తగిలినచోట లోపలి పూత వెలుగుతుంది. ఆ ధారను తెరంతా తిప్పేవి మెడ చుట్టూ బిగించిన రాగి తీగచుట్టలు. మన టీవీల్లో అడ్డగీతలు సెకనుకు 15,625. పైనుంచి కిందకు 50 సార్లు. ఆ చుట్టల అయస్కాంత క్షేత్రం ప్లాస్టిక్ డబ్బా దగ్గర ఆగిపోదు. పక్క ట్యూబులోని ఎలక్ట్రాన్లకు ఇది సొంత చుట్టదా, పొరుగు చుట్టదా అన్న తేడా తెలియదు. కాస్త పక్కకు జరుగుతాయి. అర మిల్లీమీటరు జరిగినా చాలు, చిన్న అక్షరాలు చదవలేం.

ఇందులో తమాషా ఏమిటంటే, రెండు మానిటర్లూ సరిగ్గా ఒకే వేగంతో నడిస్తే వణుకే ఉండదు. బొమ్మ కొద్దిగా వంగి, వంగినచోటే నిలబడిపోతుంది. ఎవరి కంటా పడదు. చిక్కంతా వేగాలు వేరైనప్పుడే. సిగ్నల్ దగ్గర ఆగిన రెండు ఆటోల ఇండికేటర్లు కాసేపు కలిసి వెలుగుతాయి, కాసేపటికి విడిపోతాయి, మళ్లీ కలుస్తాయి. ఇదీ అంతే. ఒక తెర సెకనుకు 60 సార్లు, పక్కది 75 సార్లు బొమ్మ గీస్తుంటే అక్షరాలు 15 సార్లు అదురుతాయి. స్టెబిలైజర్ కూడా ఇదే పని చేస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. 60 మీద నడిచే మానిటర్ పక్కన స్టెబిలైజర్ పెడితే సెకనుకు 10 సార్లు వణుకు. అదే స్టెబిలైజర్ టీవీ పక్కన ఉంటే అంతగా తెలిసేది కాదు. ఎందుకంటే టీవీ కూడా 50తోనే నడుస్తుంది. బొమ్మ కదిలినా బద్ధకంగా కదులుతుంది. టీవీ పద్ధతిని రూపొందించినవాళ్లు కరెంటు లెక్కనే దానికీ పెట్టుకోవడానికి ఇదొక కారణం.

రంగు మచ్చలది వేరే కథ. కలర్ ట్యూబులో అద్దం వెనక సన్నటి చిల్లుల రేకు ఒకటి ఉంటుంది. పక్కన స్పీకర్ పెడితే దాని అయస్కాంతం వల్ల ఆ రేకూ అయస్కాంతమై, ఎరుపు గీయాల్సిన ధార ఆకుపచ్చ మీద పడుతుంది. స్పీకర్ తీసేసినా మచ్చ మిగిలిపోతుంది. దాన్ని చెరపడానికే స్విచ్ వేయగానే ధుమ్మని ఒక చప్పుడు వచ్చేది. ట్యూబు ముందు అంచు చుట్టూ ఉన్న తీగచుట్టలోకి కరెంటు ఒక్కసారిగా దూసుకెళ్లి, క్షణాల్లో క్రమంగా సన్నగిల్లిపోయేది. అలా తగ్గుతూ పోయే క్షేత్రమే రేకులోని అయస్కాంతత్వాన్ని చెదరగొట్టేది. కొన్ని మానిటర్లలో దీనికి విడిగా బటన్ ఉండేది. ఒకరు అది నొక్కితే పక్కవాళ్ల తెరలూ ఉలిక్కిపడేవి.

మధ్యలో అట్టముక్కో, అల్యూమినియం ఫాయిలో అడ్డం పెట్టి లాభం లేదు. ఇంత తక్కువ వేగంతో మారే అయస్కాంత క్షేత్రాన్ని ఆ పల్చటి ఫాయిల్ ఆపలేదు. దూరమే మందు. చుట్ట నుంచి కొంత దూరం వెళ్లాక, ఆ దూరాన్ని రెట్టింపు చేస్తే క్షేత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. జానెడు జరిపితేనే వణుకు తగ్గేది అందుకే.

టీవీ గొడవ రేడియో దాకా కూడా వెళ్లేది. టీవీ చుట్టల రొద సెకనుకు 15,625 దగ్గరే ఆగదు, దాని రెట్ల దగ్గరా ఉంటుంది. 15,625కి 47 రెట్లు 734.375 కిలోహెర్ట్జ్. ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీద ఉంది. తేడా 3.6 కిలోహెర్ట్జ్ పైచిలుకు, అంటే చెవికి బాగా వినపడే ఈల. టీవీ ఆన్ చేయగానే వార్తల్లో ఈల మొదలవడానికి లెక్క ఇదే.

ఇప్పటి పల్చటి తెరల్లో ఎలక్ట్రాన్ల ధార లేదు కాబట్టి రెండిటిని ఆనించి పెట్టినా బొమ్మ వణకదు. కానీ తెర నోరు మూసుకుని కూర్చోదు. దాని పవర్ సప్లై, హెచ్‌డీఎంఐ కేబుల్ గాలిలోకి ఎంతో కొంత రేడియో రొద వదులుతూనే ఉంటాయి. నాసిరకం కేబుల్ అయితే దగ్గర్లోని 2.4 గిగాహెర్ట్జ్ వైఫై నెమ్మదించవచ్చు. బొమ్మకేమీ కాదు కాబట్టి తెరను ఎవరూ అనుమానించరు, రౌటర్‌ని తిడతారు.

వేల్స్‌లోని అబర్‌హోసన్ అనే పల్లెలో ఇలాంటి రొద ఊరంతటికీ చుట్టుకుంది. ఏడాదిన్నర పాటు రోజూ పొద్దున్నే ఏడింటికి బ్రాడ్‌బ్యాండ్ పడిపోయేది. కంపెనీవాళ్లు కేబుల్ మార్చినా లాభం లేకపోయింది. చివరికి 2020లో ఇంజనీర్లు రేడియో రొదను కొలిచే పరికరం పట్టుకుని తెల్లవారుజామునే ఊళ్లో తిరిగారు. సరిగ్గా ఏడింటికి ఒక ఇంట్లోంచి పెద్ద రొద వచ్చింది. ఆ ఇంటివాళ్లు రోజూ ఆ వేళకు ఆన్ చేసే పాత సెకండ్‌హ్యాండ్ టీవీ అది. విషయం చెప్పగానే వాళ్లు సిగ్గుపడి, దాన్ని ఇక వాడబోమని అప్పటికప్పుడే ఒప్పుకున్నారు.