పది సెకన్ల పరుగు, అసలు వేడి ఆ తరవాతే

తిన్నటి చిన్న ట్రాకు మీద ఎవరు ముందు దాటతారో చూసే పందెం డ్రాగ్ రేసింగ్. 600 హార్స్‌పవర్ పెట్రోలు వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ పెట్టిన డ్రాగ్ కారు పావు మైలు, అంటే 402 మీటర్లు, దాదాపు పది సెకన్లలో దాటుతుంది. ఆ కాస్త సేపట్లో కాలేది అర లీటరు పెట్రోలే. కానీ దాన్నుంచి 16 మెగాజౌళ్ల శక్తి పుడుతుంది. పావు వంతు పైచిలుకు చక్రాలకు చేరుతుంది, పెద్ద వాటా పొగగొట్టంలోంచి పోతుంది. మిగిలినదాంట్లో సుమారు 3 మెగాజౌళ్లు సిలిండర్ గోడలు, వాటి మీద మూతల్లా ఉండే హెడ్ల గుండా ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లలోకి దిగుతాయి.

ఇంత వేడినీ రేడియేటరే బయటికి తోసేస్తుందనుకుంటాం. లెక్క వేస్తే అలా తేలదు. నిమిషానికి 130 లీటర్లు తోడే ఎలక్ట్రిక్ వాటర్ పంపు పది సెకన్లలో తిప్పేది 22 లీటర్లు. వ్యవస్థలో ఉన్న పది లీటర్ల నీళ్లు రెండు చుట్లు తిరిగేసరికి పరుగు అయిపోతుంది. ఆ లోపల వేడిలో ఎక్కువ భాగం ఇనుములోనూ నీళ్లలోనూ నిలవ ఉండిపోతుంది. 100 కిలోల పోత ఇనుము ఒక డిగ్రీ వేడెక్కడానికి 46 కిలోజౌళ్లు తీసుకుంటుంది, పది లీటర్ల నీళ్లు 42 తీసుకుంటాయి. అందుకే 65 డిగ్రీల సెల్సియస్‌తో బయలుదేరిన కారు ముగింపు గీత దగ్గర 85, 90 చూపిస్తుంది.

అంటే ఆ పది సెకన్లకు రేడియేటర్ పెద్దగా అక్కరలేదు. దానితో అసలు పని పరుగుకు ముందు వరసలో నిలబడ్డప్పుడు, పరుగయ్యాక వెనక్కి వచ్చేటప్పుడు, రెండు రౌండ్ల మధ్య విరామంలో. అమెరికాలో శనాదివారాల్లో ఎక్కువమంది ఆడే బ్రాకెట్ రేసింగ్‌లో ఇది మరీ ముఖ్యం. తన కారు ఎంత సమయంలో గీత దాటుతుందో డ్రైవరు ముందే సెకనులో వందో వంతు వరకూ రాసి చెప్పాలి. చెప్పినదానికంటే వేగంగా వెళ్లినా సాధారణంగా ఓటమే. ఒక రౌండు 65 డిగ్రీల దగ్గర, మరో రౌండు 80 దగ్గర మొదలుపెడితే ఆ అంకె నిలవదు. కాబట్టి అతి చల్లగా ఉంచాలన్న పట్టుదల కంటే, ప్రతిసారీ ఒకే ఉష్ణోగ్రత దగ్గర బయలుదేరడం మేలు. నీళ్లు చల్లబడినా నూనె మాత్రం 70 డిగ్రీల దాకా వేడెక్కి ఉండాలి. చల్లటి నూనె చిక్కగా ఉండి, కొంత శక్తిని అదే తినేస్తుంది.

పరుగయ్యాక ఇంజిన్ ఆపేస్తే ఒక ప్రమాదం ఉంది. స్టవ్వు కట్టేశాక కూడా ఇనప పెనం మీద అట్టు మాడుతుంది చూడండి, ఇక్కడా అంతే. బెల్టుతో తిరిగే పంపైతే ఇంజిన్‌తోపాటే ఆగిపోతుంది. నీళ్లు కదలవు, ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఉన్న లోహంలోని వేడి అక్కడి నీళ్లను మరిగిస్తుంది, ఆవిరి బుడగలు కడతాయి. హెడ్‌కూ బ్లాకుకూ మధ్య అతుకు కారకుండా ఉంచే హెడ్ గ్యాస్కెట్ల మీద పడే దెబ్బ ఇదే. ఎలక్ట్రిక్ పంపు పెట్టుకునేది ఇందుకే: ఇంజిన్ ఆపి, పంపునూ ఫ్యాన్లనూ నడుస్తూ ఉండనివ్వాలి. చాలా డ్రాగ్ కార్లకు బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ ఉండదు. ఫ్యాన్లు 25 ఆంపియర్లు, పంపు 10 లాగితే, ఇరవై నిమిషాల్లో బ్యాటరీలోంచి దాదాపు 12 ఆంపియర్ అవర్లు పోతాయి. వోల్టేజి పడితే ఫ్యాను నెమ్మదిస్తుంది, ఇగ్నిషన్ స్పార్కు బలహీనపడుతుంది. కారు తన చోటికి చేరగానే చార్జరు తగిలించడం మరిచిపోకూడదు.

నీళ్లు వేడెక్కేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచే థర్మోస్టాట్ తీసేసి, ఆ స్థానంలో ఏమీ పెట్టకుండా వదిలేయడం తరచు జరిగే పొరపాటు. నీళ్లు మరీ వేగంగా పోతే వేడి తీసుకోలేవని చెప్పే మాటను నమ్మకండి. వేగం పెరిగితే వేడి ఇంకా బాగా అందుకుంటాయి. బెల్టు పంపున్న ఇంజిన్లో దారికి అడ్డు లేకపోతే బ్లాకు లోపలి పీడనం తగ్గుతుంది, వేడి చోట్ల నీళ్లు తొందరగా మరుగుతాయి. అందుకని 19 మిల్లీమీటర్ల రంధ్రమున్న రిస్ట్రిక్టర్ బిళ్ల పెడతారు. రేడియేటర్ మూతదీ కుక్కరు సూత్రమే: 1.1 బార్ మూత పెడితే నీళ్లు 121 డిగ్రీల దగ్గర గానీ మరగవు. అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమాల ప్రకారం పొంగిన నీళ్లు పట్టడానికి కనీసం ఒక పింట్, అంటే 473 మిల్లీలీటర్లు, పట్టే డబ్బా ఉండాలి. గ్లైకాల్ అనే రసాయనం కలిపిన కూలెంట్ ట్రాకు మీద కారితే నున్నగా జారుతుంది, కడిగినా తొందరగా వదలదు. అందుకే మామూలు నీళ్లు, తుప్పు పట్టకుండా కాస్త మందు.

గాలికీ దారి చూపాలి. రేడియేటర్ చుట్టూ ఖాళీలుంటే గాలి రెక్కల్లోంచి దూరదు, పక్కలనుంచి జారిపోతుంది. రేకు, స్పాంజి పట్టీలతో ఆ సందులు మూయాలి. ఫ్యాను రేడియేటర్ వెనకనుండి లాగేలా, చుట్టూ తొడుగుతో ఉండాలి. తొడుగు పక్కల రబ్బరు రెప్పలు పెడితే వేగంగా వెళ్లేటప్పుడు గాలి వాటిని తోసుకుని పోతుంది, నిలబడ్డప్పుడు అవి మూసుకుంటాయి.

బోనెట్ వెనక అంచును వాషర్లతో పైకి లేపితే వేడి గాలి బయటికి పోతుందనుకునేవాళ్లు చాలామంది. నిలబడ్డప్పుడు కొంత పోతుంది. వేగం పెరిగాక ముందు అద్దం మొదట్లో గాలి గుమిగూడి పీడనం పెరుగుతుంది, అక్కడ గాలి లోపలికే దూరుతుంది. 1970 షెవ్రోలె షెవెల్ ఎస్‌ఎస్‌కు అమర్చిన కౌల్ ఇండక్షన్ బోనెట్ ఆ పీడనాన్నే వాడుకుని కార్బ్యురేటర్‌కు బయటి గాలి అందించేది. బోనెట్ మీద ఊలు దారపు ముక్కలు అంటించి వీడియో తీస్తే గాలి ఎటు పోతోందో తెలిసిపోతుంది.

ఇంజిన్ పీల్చే గాలి మాత్రం చల్లగా ఉండాల్సిందే. 30 డిగ్రీల గాలికి బదులు బోనెట్ కింది 60 డిగ్రీల గాలి పీలిస్తే సాంద్రత 9 శాతం పడిపోతుంది. ముందున్న స్కూపు, అంటే గాలి పట్టే నోరు, గాలిని నెట్టి లోపలికి పంపుతుందంటారు. గంటకు 240 కిలోమీటర్ల వేగంలో ఆ పీడనం వాతావరణ పీడనంలో రెండున్నర శాతం దాకా ఉంటుంది. 100 దగ్గర అర శాతం కూడా ఉండదు. కాబట్టి మొదటి సగంలో స్కూపుతో లాభం చల్లటి గాలే.

గాలిని అదిమి ఇంజిన్లోకి పంపే టర్బో ఉన్న కారైతే, అలా వేడెక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కు ఐసు నీళ్ల తొట్టి కడతారు. సెకనుకు అర కిలో గాలిని 150 డిగ్రీల నుంచి 40కి దించాలంటే, పది సెకన్లకు దాదాపు 550 కిలోజౌళ్లు తీయాలి. కిలో ఐసు కరగడానికే 334 తీసుకుంటుంది. లెక్కకు రెండు కిలోల లోపు సరిపోవాలి, అయినా పది కిలోలు పోసినా చాలదంటారు. ఐసంతా వరసలో నిలబడ్డప్పుడే కరిగిపోవడం వల్ల. పరుగుకు ముందు టైర్లను ఉన్నచోటే తిప్పి వేడెక్కించే బర్నౌట్‌కు కాస్త ముందు పోసి, తొట్టి పంపు అప్పుడే వేయాలి.