ఆసుపత్రి సంచి సర్దే ముందు: అపోహలు - వాస్తవాలు

ఆపరేషన్ తేదీ ఖరారు కాగానే ఇంట్లో ఒకవైపు సంచి సర్దడం, మరోవైపు సలహాలు మొదలవుతాయి. ఆ సలహాల్లో కొన్ని రోగికి నిజంగా హాని చేస్తాయి. వార్డులో రోగులను చేర్చుకునే నర్సుగా నేను తరచూ వినేవి ఇవి.

అపోహ: మందులన్నీ ఆసుపత్రిలోనే ఇస్తారు, ఇంట్లో వాడేవి తేనక్కర్లేదు.

నా దృష్టిలో సంచిలో అన్నిటికంటే ముఖ్యమైనవి ఇవే. "పొద్దున ఒక తెల్ల మాత్ర, రాత్రికి చిన్న గులాబీ రంగుది" అని చెబితే అదేమిటో మేము పోల్చుకోలేం. ఆ రంగు మాత్రలు ఎన్నో ఉంటాయి. డబ్బాలో కలిపి పోయకుండా, పేరు కనిపించేలా షీట్లతోనే తెండి. ముక్కలుగా కత్తిరించిన షీటు మీద చాలాసార్లు పేరు ఉన్న భాగమే పోతుంది. మందు పేరు, మోతాదు, వేసుకునే పూట, గతంలో పడని మందులు ఒక కాగితం మీద రాయండి. మూలికల గుళికలు, వెల్లుల్లి గుళికలు కూడా అందులో చేర్చండి. వాటిలో కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి.

చేరాక మాత్రం వాటిని నర్సుకు చూపించండి, సొంతంగా వేసుకోకండి. మేమిచ్చిన మందే మళ్లీ పడితే మోతాదు రెట్టింపవుతుంది.

అపోహ: ఆపరేషన్‌కు ముందు రక్తం పలుచబరిచే మందులు మనమే ఆపేయాలి.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి ఆపాలా, ఆపితే ఎన్ని రోజుల ముందు అన్నది డాక్టరు చెప్పాలి. గుండెకు స్టెంటు వేయించుకున్నవారు ఎవరో చెప్పారని ఆపేస్తే అందులో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

అపోహ: ముందు రోజు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు.

కడుపులో ఉన్నది మత్తులో పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోకూడదనే ఈ నియమం. ఇతర సమస్యలు లేని పెద్దలకు సాధారణంగా నూనె ఎక్కువున్న భోజనం, మాంసం 8 గంటల ముందు, తేలికపాటి ఆహారం 6 గంటల ముందు ఆపాలి. మంచినీళ్లు మాత్రం 2 గంటల ముందు వరకు తాగవచ్చు. పాలు, పాలు కలిపిన టీ నీళ్ల లెక్కలోకి రావు, వాటికీ 6 గంటలే. మధుమేహం, గర్భం, కడుపు నెమ్మదిగా ఖాళీ అయ్యే జబ్బులు ఉన్నవారికి ఈ గడువులు మారవచ్చు. మత్తు డాక్టరు ఏం చెబితే అదే పాటించండి. పొరపాటున ఏదైనా తింటే దయచేసి దాచకండి. ఆపరేషన్ వాయిదా పడినా పరవాలేదు.

అపోహ: ఇంట్లోనే బ్లేడుతో వెంట్రుకలు తీసుకువస్తే శుభ్రం.

బ్లేడు వల్ల చర్మం మీద కంటికి కనపడని గాట్లు పడి, చీము పట్టే అవకాశం పెరుగుతుంది. అవసరమైతే మేమే క్లిప్పర్‌తో తీస్తాం. స్నానం చేసి రండి, చాలు. గోళ్ల రంగు కూడా తీసేయండి, వేలికి పెట్టే ఆక్సిజన్ పరికరం లెక్క దానివల్ల తప్పుగా రావచ్చు. ఉంగరాలు ఇంట్లోనే వదిలి రండి, వేళ్లు వాస్తే తీయడం కష్టం.

అపోహ: కళ్లద్దాలు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు పోతాయి, ఇంట్లో ఉంచడమే మేలు.

దీంతో నేను అస్సలు ఏకీభవించను. కొత్త చోట, సరిగా కనపడక, వినపడక వృద్ధులు అయోమయంలో పడతారు. రాత్రిళ్లు మంచం దిగి పడిపోతారు కూడా. వీటిని తప్పకుండా తెండి. పేరు రాసిన గట్టి డబ్బా ఒకటి వెంట ఉండాలి. కట్టుడు పళ్లు ఎక్కువగా పోయేది భోజనం దగ్గరే: తీసి కాగితంలో చుట్టి పళ్లెంలో పెడతారు, పళ్లెం తీసేవారు చెత్త అనుకుని పారేస్తారు.

అపోహ: ఆసుపత్రిలో పడుకోవడమే కదా, చెప్పులు ఏవైనా ఒకటే.

చాలా ఆపరేషన్ల తర్వాత అదే రోజో మర్నాడో లేపి నడిపిస్తాం. నడిస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. అందుకే జారని అడుగుతో, మడమను పట్టి ఉంచే పాదరక్షలు తెచ్చుకోండి. చేతికి సెలైన్ సూది ఉంటుంది కనుక ముందు గుండీలున్న వదులు బట్టలైతే తొడగడం, తీయడం సులువు.