ఫ్రీ సర్టిఫికెట్ ఉంది, పళ్ల డాక్టరేడీ?

ఇంగ్లండ్‌లో గర్భిణికి, కాన్పయ్యాక ఏడాది దాకా, ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) పంటి వైద్యం ఉచితం. 18 ఏళ్లలోపు పిల్లలకూ అంతే. అక్కడ కాపురముంటున్న మన తెలుగు ఆడపిల్లలకూ మిడ్‌వైఫ్ (కాన్పు చూసే నర్సు) ద్వారా ఆ ఉచిత వైద్యపు సర్టిఫికెట్ అందుతుంది. తీరా క్లినిక్‌లకు ఫోన్ చేస్తే, కొత్త ఎన్‌హెచ్‌ఎస్ పేషెంట్లను చేర్చుకోవడం లేదనే జవాబు చాలాచోట్ల. ఈ చిక్కు నిన్నమొన్నటిది కాదు.

ఒకప్పుడు అక్కడ ఒక్కో బిడ్డను కన్నప్పుడల్లా తల్లికో పన్ను పోతుందని అనుకునేవారు. (కడుపులో బిడ్డ తల్లి పళ్లలోని కాల్షియం లాగేస్తుందన్నది నిజం కాదు. చిగుళ్ల వాపు, వాంతుల పులుపు అసలు దోషులు.) ప్రభుత్వం కళ్లు తెరిపించింది మాత్రం తల్లులు కాదు, సిపాయిలు. 1899-1902లో దక్షిణాఫ్రికాలో బ్రిటన్ చేసిన బోయర్ యుద్ధంలో పళ్లు పాడై ఎందరో పనికిరాకుండా పోయారు. 1918 మాతాశిశు సంక్షేమ చట్టం తల్లులు, పసిపిల్లల ఆరోగ్యానికి ఖర్చు పెట్టవచ్చని కౌన్సిళ్లకు (స్థానిక పాలక సంస్థలకు) చెప్పింది. పెట్టవచ్చు అంది, పెట్టాలి అనలేదు.

ఆ "పెట్టాలి" 1946లో వచ్చింది. ఎన్‌హెచ్‌ఎస్ చట్టం 22వ సెక్షన్ గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఇంకా బడిలో చేరని 5 ఏళ్లలోపు పిల్లల సంరక్షణను స్థానిక సంస్థల బాధ్యత చేసింది. అందులో దంత సంరక్షణను ప్రత్యేకంగా పేర్కొంది. డాక్టర్లు కొద్దిమందే కాబట్టి ముందు వీళ్లకు చూడాలన్నది ఉద్దేశం.

1948 జూలై 5న ఎన్‌హెచ్‌ఎస్ మొదలవగానే ఆ వరస తలకిందులైంది. ఆ రోజు నుంచి పంటి వైద్యం అందరికీ ఉచితం. కట్టుడు పళ్ల కోసం జనం ఎగబడ్డారు. సొంత క్లినిక్ ఉన్న డాక్టరుకు చేసిన పనికల్లా ఫీజు, కౌన్సిల్ డాక్టరుకు నెల జీతం. తేడా చూసి జీతం మీద ఉన్నవాళ్లు చాలామంది మానేశారు. తల్లులకోసం పెట్టిన క్లినిక్‌లే ముందు బోసిపోయాయి. డాక్టర్లను అని ఏం లాభం, రేట్లు రాసినవాళ్లను అనాలి.

ఖర్చు తట్టుకోలేక 1951లో కట్టుడు పళ్లకు ఛార్జీ పెట్టారు. ఎన్‌హెచ్‌ఎస్‌ను నెలకొల్పిన అన్యూరిన్ బెవాన్ ఆ గొడవలోనే మంత్రి పదవి వదులుకున్నారు. 1952లో చికిత్సకూ ఛార్జీ వచ్చినా తల్లులకు, పిల్లలకు మినహాయింపు ఇచ్చారు. నేటి సర్టిఫికెట్‌కు వేరు అదే. 1974లో కౌన్సిల్ క్లినిక్‌లు ఎన్‌హెచ్‌ఎస్‌లో కలిసిపోయాయి.

పళ్ల డాక్టర్లతో ఎన్‌హెచ్‌ఎస్ చేసుకున్న 2006 కాంట్రాక్టు పాత కథనే మరోలా నడిపింది. 2022లో మార్చేదాకా, ఒక పుచ్చు పన్ను పూడ్చినా, నాలుగు పూడ్చినా డాక్టరుకు చెల్లింపు ఒకటే ఉండేది. నోటినిండా పుచ్చు పళ్లున్న పిల్లాడొస్తే నష్టమే కదా! 2024 ఫిబ్రవరిలో బ్రిస్టల్‌లో ఒక ఎన్‌హెచ్‌ఎస్ పళ్ల క్లినిక్ తెరిస్తే, పేరు నమోదుకు జనం వీధి పొడవునా బారులు తీరారు. అదుపు చేయడానికి పోలీసులు రావాల్సి వచ్చింది.