భుజానికీ మోచేతికీ ఒకే ఇంజెక్షనా?

భుజం పట్టేసి చెయ్యి పైకి లేవనివారూ, మోచేయి వెలుపలి వైపు నొప్పితో చెంబు కూడా ఎత్తలేనివారూ త్వరగా తగ్గిపోవాలని, వాపును అణచే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోవడం మామూలే. మొదటి కొన్ని వారాలు ఇద్దరికీ హాయిగానే ఉంటుంది. కానీ ఏడాది గడిచాక చూస్తే భుజానికి పనికొచ్చిన మందే మోచేతికి చెరుపు చేసి ఉండవచ్చు, ఎందుకంటే ఆ రెండు చోట్లా ముదిరిన జబ్బులు ఒకటి కావు.

ముందు భుజం సంగతి. 'ఫ్రోజెన్ షోల్డర్' అనే పేరు 1934లో అమెరికన్ శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్ పెట్టినది. భుజం కీలును చుట్టి ఉండే పల్చని తిత్తి వాచి, మందమై, చివరకు కుంచించుకుపోవడమే ఈ జబ్బు. ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ల మధ్యవారికి, వారిలోనూ స్త్రీలకు, మధుమేహం ఉన్నవారికి వస్తుంది. షుగరు వ్యాధి ఇంతగా పెరిగిన మన రాష్ట్రాల్లో దీన్ని వయసు నొప్పిగా కొట్టిపారేయడం నాకు సరికాదనిపిస్తుంది. జడ వేసుకోవడం, వీపు వెనక హుక్కు పెట్టుకోవడం, వెనక జేబులోని పర్సు తీయడం కష్టమవుతాయి, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే మెలకువ వస్తుంది.

దీన్ని గుర్తించే పరీక్ష చాలా తేలిక. మోచేతిని నడుముకు ఆనించి, తొంభై డిగ్రీలు వంచి, ముంజేతిని బయటి వైపుకు తిప్పమంటారు. భుజం బిగిసినవారికి అది కదలదు. వైద్యుడు తన చేత్తో తిప్పబోయినా కదలదు. భుజాన్ని పైకెత్తే కండరాలను ఎముకకు కలిపే స్నాయువు దెబ్బతిన్నవారిలో మాత్రం రోగి స్వయంగా ఎత్తలేని చెయ్యి వైద్యుడు ఎత్తితే చాలావరకు లేస్తుంది. కీలు అరిగినా ఇలాగే బిగుసుకోవచ్చు కనుక ఎక్స్‌రే తీస్తారు, ఫ్రోజెన్ షోల్డర్ అయితే అది దాదాపు మామూలుగానే ఉంటుంది.

తిత్తిలో వాపు నడుస్తున్న తొలి నెలల్లో కీలులోకి వేసే స్టెరాయిడ్ నొప్పిని బాగా తగ్గిస్తుంది, వ్యాయామాలు చేసుకోవడానికి వీలు కలిగిస్తుంది. మధుమేహం ఉంటే మాత్రం తర్వాత కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది కాబట్టి రోజూ చూసుకోవాలి. నొప్పి తీవ్రంగా ఉన్న దశలో ఎవరిచేతనైనా చెయ్యి బలవంతంగా లాగించుకోవడం, గట్టిగా మర్దన చేయించుకోవడం నొప్పిని పెంచడమే. బ్రిటన్‌లో 503 మందిపై జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనంలో ఇంజెక్షన్‌తో కూడిన ఫిజియోథెరపీని, మత్తు ఇచ్చి చెయ్యి వంచడాన్ని, చిన్న రంధ్రాల ద్వారా చేసే కీహోల్ శస్త్రచికిత్సను పోల్చి చూస్తే, ఏడాది తర్వాత ఏ ఒక్కటీ మిగతావాటికంటే చెప్పుకోదగ్గంత మెరుగ్గా తేలలేదు. అందుచేత తేలికైన దానితో మొదలుపెట్టడమే న్యాయం. అయితే పూర్తిగా సర్దుకోవడానికి ఏడాది నుంచి మూడేళ్లు పట్టవచ్చు, కొందరికి కాస్త బిగువు మిగిలిపోతుంది కూడా.

ఇక మోచేయి వెలుపలి వైపు నొప్పి, అంటే టెన్నిస్ ఎల్బో కథ వేరు. 2004లో సచిన్ తెందూల్కర్‌ను ఆటకు దూరం చేసి, మరుసటి ఏడాది శస్త్రచికిత్స దాకా తీసుకెళ్లింది ఇదే. కానీ తడి బట్టలు పిండేవారికీ, తాపీ పనివారికీ, రోజంతా మౌస్ పట్టుకునేవారికీ ఇది రావచ్చు. మణికట్టును పైకి లేపే కండరం మోచేతి ఎముకకు అతుక్కునే చోట స్నాయువు పోగులు అల్లిక తప్పి బలహీనపడతాయి. ముదిరిన స్నాయువును సూక్ష్మదర్శినిలో చూస్తే వాపు కణాలు అంతగా కనిపించవు. వాపును అణచే మందుకు అక్కడ పెద్దగా పని లేదన్నమాట. ఆస్ట్రేలియాలో 165 మందిపై జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, ఏడాదిలోగా నొప్పి తిరగబెట్టినవారు స్టెరాయిడ్ తీసుకున్నవారిలో 54 శాతం, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 12 శాతం.

మరి ఏం చేయాలి? అరచేయి కిందికి ఉంచి బరువులు ఎత్తడం మానుకుని, అరచేయి పైకి ఉంచి ఎత్తాలి. ముంజేతిని బల్లపై ఆనించి, చెయ్యి అంచు దాటి వేలాడేలా పెట్టుకుని, చిన్న బరువుతో మణికట్టును నెమ్మదిగా లేపుతూ అంతకంటే నెమ్మదిగా దించాలి; వారాల తరబడి చేస్తేనే స్నాయువు గట్టిపడుతుంది. చాలామందికి ఏడాదిలోగా తగ్గుతుంది, శస్త్రచికిత్స అవసరమయ్యేది కొద్దిమందికే.

కిందపడ్డాక హఠాత్తుగా చెయ్యి లేవకపోతే మాత్రం స్నాయువు తెగి ఉండవచ్చు కాబట్టి నెలల తరబడి వేచి చూడరాదు. మోచేతి నొప్పితో పాటు చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతుంటే అది టెన్నిస్ ఎల్బో కాదు. మోచేతి లోపలి వైపు నరం నొక్కుకుపోయిందేమో చూపించుకోవాలి.