చెవి దిబ్బడేస్తే అన్నిసార్లూ గులిమే కాదండీ: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఒక చెవి వినపడట్లేదంటే గులిమి పట్టేసినట్టే, డ్రాప్స్ వేస్తే కరిగిపోద్ది.

వాస్తవం: చాలాసార్లు గులిమే, అందుకే ఈ నమ్మకం ఇంత గట్టిగా పాతుకుపోయింది. తలస్నానం చేశాక చెవి దిబ్బడేస్తే దాదాపు అదే, లోపలున్న గులిమి నీళ్ళకి ఉబ్బి దారి మూసేస్తుంది, ఈఎన్‌టీ (చెవి, ముక్కు, గొంతు) డాక్టర్లం మేం తీసేయగానే మళ్ళీ వినపడుద్ది, కంగారేం అక్కర్లేదు. కానీ రాత్రి బాగానే పడుకుని పొద్దున లేచేసరికి ఒక చెవి పనిచేయకపోతే, లేదా ఫోన్ మాట్లాడుతుండగానే మాట ఆగిపోయి హోరు మొదలైతే, అది లోపలి చెవికో నరానికో తగిలిన దెబ్బ అయ్యుండొచ్చు. సడెన్ హియరింగ్ లాస్ అంటాం దీన్ని, కారణం చాలామందిలో దొరకదు, స్టెరాయిడ్లు మొదటి 2 వారాల్లోపు మొదలుపెడితే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ, రోజులు గడిచేకొద్దీ అది తగ్గిపోతుంది. ఆ రోజులే మనవాళ్ళు డ్రాప్స్ వేసుకుంటూ పోగొట్టుకుంటున్నారు!

టైలరింగ్ చేసే ఒకావిడ ఇలాగే నెల దాటాక వచ్చారు. అప్పటికే మెడికల్ షాపు డ్రాప్స్, పక్కింటివాళ్ళు చెప్పిన వెల్లుల్లి కాచిన నూనె అన్నీ అయిపోయాయి. లైట్ వేసి చూస్తే లోపల గులిమి పిసరంత లేదు, కర్ణభేరి శుభ్రంగా మెరుస్తోంది. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నుదుటి మధ్యలో ఆనించి "ఎటువైపు వినపడుతోందమ్మా" అంటే బాగున్న చెవి చూపించారు. గులిమి అడ్డమైతే మూసుకుపోయిన చెవివైపే గట్టిగా వినపడాలి. ఆవిడ చెయ్యి అటు వెళ్ళగానే నాకు ప్రాణం ఉసూరుమంది. మందులు ఇచ్చాం, పెద్దగా తిరిగి రాలేదు.

ఇంట్లో ఒకటి చేసి చూడొచ్చు, నోరు మూసుకుని "మ్..." అని కూనిరాగం తీయండి. దిబ్బడేసిన చెవిలో గట్టిగా వినపడితే ఏదో అడ్డం ఉన్నట్టు, బాగున్న చెవివైపు పోతే ఆరోజే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళండి. మెషీన్‌తో చేసే వినికిడి పరీక్షకి (ఆడియోమెట్రీకి) ఇది బదులు కాదు, అనుమానంగా ఉంటే ఎలాగూ వచ్చేయండి, తీరా గులిమే అని తేలితే అందరికీ సంతోషమే.

మిగతావి గబగబా చెప్పేస్తా. గులిమి మురికి కాదు, చెవి చర్మాన్ని కాపాడటానికి ఒళ్ళు తయారుచేసుకునేదే. అది తయారయ్యేది చెవి దారిలో బయటివైపు భాగంలో మాత్రమే, చర్మం మెల్లగా బయటికి జరుగుతూ దాన్ని తెచ్చేస్తుంది, మనం బడ్ పెట్టి కర్ణభేరి దాకా నెట్టేస్తాం. పిన్నీసులు, అగ్గిపుల్లలు అసలొద్దు, పసిపిల్లలకి స్నానం చేయించాక బడ్ తిప్పడం కూడా ఆపండి. పసుపైనా ముదురు గోధుమైనా రంగుకి భయపడొద్దు, రక్తం, చీము, వాసన ఉంటేనే రండి. గులిమి లాగేస్తుందని చెవిలో పెట్టి వెలిగించే కొవ్వొత్తి, అదే ఇయర్ క్యాండిల్, దేన్నీ లాగదు, కాలాక అడుగున కనిపించేది ఆ కొవ్వొత్తి మైనమే, చెవిలో పెట్టకుండా కాల్చినా అంతే మిగులుతుంది.

షుగర్ ఉన్నవాళ్ళు, కర్ణభేరికి రంధ్రం ఉన్నవాళ్ళు గులిమి తీయించుకునే ముందే ఆ మాట చెప్పండి, నీళ్ళు కొట్టకుండా సక్షన్‌తో (పీల్చే సన్నటి గొట్టంతో) తీస్తాం.