అప్‌డేట్ తర్వాత డిస్‌ప్లే రావట్లేదా? ఫార్మాట్ కొట్టే ముందు ఇది చూడండి

విండోస్ 10కి 2025 అక్టోబర్‌లో సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని పాత సిస్టమ్స్‌లో విండోస్‌కి బదులుగా ఉచితంగా దొరికే ఉబుంటూనో లైనక్స్ మింటో వేయించుకున్నవాళ్లు విజయవాడలో నాకు చాలామందే కనిపిస్తున్నారు. నేను చూసుకునే కోచింగ్ సెంటర్ల ల్యాబులు, ఆడిటర్ల ఆఫీసులు అన్నీ అలా మారినవే. రోజువారీ వాడకంలో పెద్ద ఇబ్బంది లేదు. అప్‌డేట్ కొట్టిన మర్నాడు పొద్దున్నే మాత్రం ఫోన్ వస్తుంది: “ఏవండీ, సిస్టమ్ ఆన్ అవుతోంది గానీ డిస్‌ప్లే రావట్లేదండీ.” ఆ ఫోన్ నాదాకా వచ్చేలోపే ఆఫీసులో తలా ఒక సలహా ఇచ్చేసి ఉంటారు. ఆ సలహాల్లో ఎక్కువగా వినిపించేవి ఇవి.

అపోహ: డిస్‌ప్లే రావట్లేదంటే ర్యామ్ తుడవాలి, లేదంటే గ్రాఫిక్స్ కార్డు పోయినట్టే

సర్వీసుకు తీసుకెళ్తే చాలా చోట్ల ముందు జరిగేది ఇదే. సైడ్ ప్యానెల్ విప్పి, ర్యామ్ బయటికి తీసి, పెన్సిల్ రబ్బరుతో దాని బంగారు రంగు పళ్లు తుడిచి మళ్లీ బిగిస్తారు. దుమ్ము పట్టిన పాత సిస్టమ్స్‌లో అది నిజంగానే పనిచేస్తుంది, కాదనను. కాకపోతే పవర్ బటన్ నొక్కాక తెర మీద అసలేమీ రానప్పుడు చేయాల్సిన పని అది. కంపెనీ లోగో వచ్చి, ఉబుంటూ గుండ్రం కాసేపు తిరిగి, ఆ తర్వాత తెర నల్లబడిందనుకోండి, అప్పుడు ర్యామ్‌నీ కేబుల్‌నీ మానిటర్‌నీ అనుమానించి లాభం లేదు.

లోగో వరకు బొమ్మ చూపించేది మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్, అంటే ఫర్మ్‌వేర్. ఆ తర్వాత సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ పగ్గాలు తీసుకుని, కార్డుకు తగిన డ్రైవర్ (కార్డును నడిపించే ప్రోగ్రామ్) లోడ్ చేసి, రిజల్యూషన్ మారుస్తుంది. అదయ్యాక లాగిన్ తెర, ఆ తర్వాత డెస్క్‌టాప్. అప్‌డేట్ వీటిలో ఏదో ఒకదాన్ని కదిలించింది. మనం కనిపెట్టాల్సింది అది ఏదన్నదే.

ముందు కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే నల్ల తెర వెనకాల సిస్టమ్ నడుస్తూనే ఉంది. ఇప్పుడు కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని ఎఫ్ 3 నొక్కండి. ల్యాప్‌టాప్ అయితే ఎఫ్‌ఎన్ కూడా కలపాల్సి రావచ్చు. తెల్ల అక్షరాల్లో లాగిన్ అడిగిందంటే సగం టెన్షన్ తగ్గించుకోవచ్చు, మీ ఫైళ్లన్నీ అక్కడే ఉన్నాయి. అక్కడ పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనిపించవు. కీబోర్డు కూడా పోయిందని చాలామంది అక్కడే ఆగిపోతారు. కనిపించకపోయినా కొట్టేసి ఎంటర్ నొక్కండి.

అపోహ: అప్‌డేట్ పాడుచేసింది, ఇక ఫార్మాట్ కొట్టాల్సిందే

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే సలహా ఇదే. ఉబుంటూ, మింట్ కొత్త కెర్నల్ వేసేటప్పుడు పాతదాన్ని వెంటనే తీసేయవు. నిన్నటిదాకా చక్కగా పనిచేసిన కెర్నల్ ఇంకా మీ డిస్క్‌లోనే ఉంటుంది. సిస్టమ్ ఆన్ చేసి, లోగో పోతుండగా ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి. యూఈఎఫ్‌ఐ అనే కొత్త తరహా ఫర్మ్‌వేర్ లేని పాత బోర్డు అయితే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి. ఏ కెర్నల్‌తో మొదలుపెట్టాలో అడిగే గ్రబ్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లి పై నుంచి రెండో కెర్నల్ నంబరు ఎంచుకోండి, రికవరీ అని ఉన్నది కాదు. కంగారులో ఎస్కేప్‌ని టపటపా కొడితే మెనూ దాటిపోయి గ్రబ్ ప్రాంప్ట్ దగ్గర పడతారు. భయపడక్కర్లేదు, రీబూట్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టి మళ్లీ మొదలెట్టండి.

పాత కెర్నల్‌తో డెస్క్‌టాప్ వచ్చేసిందంటే రెండు విషయాలు తేలిపోయాయి: హార్డ్‌వేర్ బాగుంది, గొడవ కొత్త కెర్నల్‌కీ డ్రైవర్‌కీ మధ్య ఉంది. ఆ రోజుకి పని కానిచ్చుకుని, మిగతాది సాయంత్రం తీరిగ్గా చూసుకోవచ్చు.

ఇంకో సంగతి. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతే సగం ప్యాకేజీలు విప్పినవి విప్పినట్టే ఉండిపోతాయి. యూపీఎస్ లేని ఆఫీసుల్లో మే నెలంతా ఇదే గోల. ఎఫ్ 3 తెర మీద లాగిన్ అయ్యి, ప్యాకేజీలు అమర్చే డీపీకేజీని ‘కాన్ఫిగర్ ఆల్’ అని నడిపితే అది ఆగిపోయిన చోటు నుంచి పూర్తిచేస్తుంది. బూట్ పార్టిషన్ విడిగా ఉన్న సిస్టమ్స్‌లో అది నిండిపోయినా కొత్త కెర్నల్ సగంలోనే ఆగిపోతుంది. అప్పుడు పాత కెర్నల్‌తో లోపలికి వెళ్లి, ‘ఆటోరిమూవ్’తో అక్కర్లేనివి తీసేసి, ఆ తర్వాత పై కమాండ్ ఇవ్వాలి.

అపోహ: మాది ఎల్‌టీఎస్, అందులో ఏమీ మారదు

ఎల్‌టీఎస్ (లాంగ్ టర్మ్ సపోర్ట్) వెర్షన్ అంటే ఐదేళ్లపాటు సపోర్ట్ ఉంటుందని. ఆ ఐదేళ్లూ ఒకే కెర్నల్ ఉంటుందని కాదు. ఉబుంటూ డెస్క్‌టాప్‌లో మామూలుగా నడిచేది కొత్త హార్డ్‌వేర్ కోసం కెర్నల్‌ని మధ్యమధ్యలో మార్చే ‘హార్డ్‌వేర్ ఎనేబుల్‌మెంట్’ అనే వరుస. ఉబుంటూ 24.04 మొదలైనప్పుడు కెర్నల్ 6.8. 2025 ఫిబ్రవరిలో 24.04.2తో 6.11కి, అదే ఏడాది ఆగస్టులో 24.04.3తో 6.14కి మారింది. మీరు మామూలు అప్‌డేటే కొట్టాననుకుంటారు గానీ, ఆ రోజు కెర్నల్ వెర్షనే దూకి ఉండొచ్చు. పాత కార్డుల డ్రైవర్లు ఎక్కువగా తడబడేది అక్కడే. ల్యాబులో కొత్త హార్డ్‌వేర్ ఏమీ లేకపోతే ఆ వరుస వదిలేసి, మొదట్లో వచ్చిన జనరిక్ కెర్నల్ మీదే ఉండమని నా సలహా. దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగవు.

అపోహ: ఎన్‌విడియా డ్రైవర్ వాళ్ల సైట్ నుంచే దింపుకోవాలి, ఎంత కొత్తదైతే అంత మంచిది

విండోస్ నుంచి వచ్చిన అలవాటు ఇది. లైనక్స్‌లో ఎన్‌విడియా డ్రైవర్ సగం కెర్నల్‌లో కలిసే ముక్క (మాడ్యూల్), సగం లైబ్రరీలు. ఆ మాడ్యూల్ ఏ కెర్నల్‌కి తయారైందో దానితోనే నడుస్తుంది. కెర్నల్ మారిన ప్రతిసారీ కొత్తది కావాలి. మీ డిస్ట్రో (ఉబుంటూ, మింట్ లాంటిది) సొంత సాఫ్ట్‌వేర్ నిల్వ, అంటే రిపోజిటరీ నుంచి వేసుకుంటే ఆ పని డీకేఎంఎస్ అనే టూల్ చూసుకుంటుంది, లేదా ముందే తయారుచేసి సంతకం పెట్టిన మాడ్యూల్ కెర్నల్‌తోపాటే వస్తుంది. సైట్ నుంచి దింపిన రన్ ఫైలుతో వేశారనుకోండి, ప్యాకేజీ మేనేజర్‌కి దాని సంగతే తెలియదు. కెర్నల్ మారిన రోజున తెర నల్లబడుతుంది. ఉబుంటూలో ‘అడిషనల్ డ్రైవర్స్’, మింట్‌లో ‘డ్రైవర్ మేనేజర్’ ఉన్నాయి, అవి చాలు.

డీకేఎంఎస్ ఉన్నా ఒక్కోసారి మాడ్యూల్ తయారవదు. మామూలుగా కారణం ఒకటే, కొత్త కెర్నల్‌కి మాడ్యూల్ తయారీకి కావాల్సిన హెడర్స్ ప్యాకేజీ రాలేదు. ఎప్పుడో ఎవరో దాన్ని వెంట తెచ్చే జనరిక్ మెటా ప్యాకేజీ తీసేసి ఉంటారు. ‘డీకేఎంఎస్ స్టేటస్’ అని కొట్టి చూస్తే పాత కెర్నల్ పక్కన ఇన్‌స్టాల్డ్ అని ఉంటుంది, కొత్తదాని ఊసే ఉండదు. హెడర్స్ వేసి డీకేఎంఎస్ ‘ఆటోఇన్‌స్టాల్’ నడిపితే సరిపోతుంది. ఇంకో లైనక్స్ రకమైన ఫెడోరాలో ఈ పనికి ఏకేమాడ్స్ ఉంది. అప్‌డేట్ అవగానే రీబూట్ కొట్టకుండా, మాడ్యూల్ తయారయ్యేదాకా కాసేపు ఆగాలి.

నమ్మకమైన సంతకం లేని కోడ్‌ని అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఇంకో మెలిక. మీ సిస్టమ్‌లోనే తయారైన మాడ్యూల్‌ని నమ్మడానికి ఒక కీ నమోదు చేయాలి. డ్రైవర్ వేసేటప్పుడు ఉబుంటూ ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీబూట్ అవగానే నీలం తెర వస్తుంది, అందులో ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ తెర కొన్ని సెకన్లే ఉంటుంది. విండోస్ బ్లూ స్క్రీన్ అనుకుని బెదిరిపోయి ‘కంటిన్యూ బూట్’ నొక్కేస్తారు, లేదా ఈలోపు టీకి వెళ్లిపోతారు. కీ నమోదు కాదు, మాడ్యూల్ లోడ్ కాదు. కెర్నల్ లాగ్‌లో ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అన్న మాట కనిపిస్తే ఇదే కేసు.

కార్డు స్థితి చూపే ‘ఎన్‌విడియా ఎస్ఎంఐ’ కమాండ్ కొడితే ‘డ్రైవర్, లైబ్రరీ వెర్షన్ మిస్‌మ్యాచ్’ అని వచ్చిందా? ఏమీ పాడవలేదు. లైబ్రరీలు కొత్తవి వచ్చాయి, మెమరీలో మాడ్యూల్ పాతదే ఉంది. రీబూట్ చేయండి, అంతే.

ఇక పాత కార్డుల సంగతి. సెకండ్‌హ్యాండ్ సిస్టమ్స్‌లో జీటీ 610, జీటీ 710 ఇప్పటికీ ఎదురవుతుంటాయి. 610కి పనికొచ్చే 390 వరుస డ్రైవర్‌కి ఎన్‌విడియా 2022 చివర్లో సపోర్ట్ ఆపేసింది. 710కి కావాల్సిన 470 వరుస కథ 2024లో ముగిసింది. కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా వీటిని అతికించుకుంటూ కూర్చోవడం దండగ పని. ల్యాబులో ఎక్సెల్ లాంటి పనులూ బ్రౌజరూ తప్ప ఇంకేం ఉండవు. కెర్నల్‌తోనే వచ్చే నూవో డ్రైవర్ వాడుకోండి, లేదా కార్డు పీకేసి ప్రాసెసర్‌లో ఉన్న ఇంటెల్ గ్రాఫిక్స్‌కి కేబుల్ పెట్టండి. గేములు ఆడేవాళ్లకి మాత్రం ఈ సలహా వర్తించదు.

అపోహ: నోమోడ్‌సెట్ పెట్టేస్తే ప్రాబ్లమ్ సాల్వ్

బొమ్మ వస్తుంది, నిజమే. కెర్నల్‌ని డిస్‌ప్లే మోడ్ మార్చొద్దని చెప్పే ఆప్షన్ అది. దాన్ని శాశ్వతంగా పెట్టేస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ పక్కకు తప్పుకుంటుంది, బొమ్మలు గీసే పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ తెరిచి, గ్రాఫిక్స్ ఎదురుగా ‘ఎల్‌ఎల్‌వీఎమ్‌పైప్’ అని ఉందేమో చూడండి. యూట్యూబ్ వీడియో ఆగి ఆగి నడవడం, ఫ్యాన్ హోరెత్తడం అందుకే. లోపలికి వెళ్లి డ్రైవర్ సరిచేసేవరకు ఒక్కసారి వాడుకుని తీసేయాలి.

అపోహ: పాస్‌వర్డ్ కొడితే మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తోంది, కాబట్టి పాస్‌వర్డ్ తప్పు

తప్పయితే తప్పని చెబుతుంది. తెర ఒక్కసారి మెరిసి వెనక్కొచ్చిందంటే డెస్క్‌టాప్ మొదలవబోయి కూలిపోయింది. ఎఫ్ 3 తెరలో ‘డీఎఫ్’ కొట్టి డిస్క్ నిండిందేమో ముందు చూడండి. అది కాకపోతే, ఎప్పుడో సుడోతో (అడ్మిన్ హక్కులతో) డెస్క్‌టాప్ మొదలుపెట్టే స్టార్ట్‌ఎక్స్ కొట్టిన పుణ్యాన హోమ్ ఫోల్డర్‌లోని ఎక్స్‌అథారిటీ ఫైలు రూట్ (అడ్మిన్) పేరు మీదకు మారి ఉండొచ్చు.

అపోహ: రిజల్యూషన్ 1024 బై 768కి పడిపోయింది, మానిటర్ పాతదైపోయింది

మానిటర్ తన కొలతలను ఈడీఐడీ అనే చిన్న డేటాగా సిస్టమ్‌కి చెప్పుకుంటుంది. క్లాస్‌రూమ్ ప్రొజెక్టర్లకి వాడే చవక హెచ్‌డీఎంఐ టు వీజీఏ కన్వర్టర్లలో కొన్ని ఆ డేటాని దాటనివ్వవు. కేబుల్ కూడా వదులుగా ఉంటే అంతే సంగతి. నేరుగా హెచ్‌డీఎంఐ పెట్టి చూస్తే తేలిపోతుంది. ఎక్స్‌ఆర్‌ఆండర్‌తో కొత్త మోడ్ కలపమని యూట్యూబ్‌లో చెప్పే చిట్కా ఎక్స్ 11 (ఎక్స్ఆర్గ్) అనే పాత డిస్‌ప్లే పద్ధతి సెషన్‌లోనే పనిచేస్తుంది, దాని స్థానంలో వచ్చిన వేలాండ్‌లో కాదు.

రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో తెర బాగానే ఉండి ప్రొజెక్టర్ మాత్రమే రాకపోతే వేరే సంగతి. చాలా మోడల్స్‌లో హెచ్‌డీఎంఐ పోర్ట్ వైరు ఎన్‌విడియా చిప్‌కే వెళ్తుంది. ఆ డ్రైవర్ లేవకపోతే పోర్టూ లేవదు.

అపోహ: అంతా వేలాండ్ వల్లే, ఎక్స్ఆర్గ్‌కి మారితే చాలు

ఒకప్పుడు ఎన్‌విడియా వాడేవాళ్లకి ఈ మాటలో నిజముంది. 2024లో వచ్చిన 555 డ్రైవర్‌తో ఎక్స్‌ప్లిసిట్ సింక్ అనే సదుపాయం వచ్చాక తెర మినుకుమినుకుమనడం చాలావరకు తగ్గింది. లాగిన్ దగ్గర చక్రం గుర్తు నొక్కి ఎక్స్ఆర్గ్ సెషన్‌లో ఒకసారి చూడటం మంచి పరీక్షే. అక్కడా అలాగే ఉంటే కింద డ్రైవర్ వైపు వెతకాలి. కానీ ఆ దారి ఎన్నాళ్లో ఉండదు. ఉబుంటూ 25.10లో గ్నోమ్ డెస్క్‌టాప్‌కి ఆ సెషనే తీసేశారు.

అపోహ: అప్‌డేట్లు ఆపేస్తే ఏ గొడవా ఉండదు

ఆడిటర్ల ఆఫీసులో రిటర్న్స్ గడువు రోజుల్లో కెర్నల్ ప్యాకేజీల్ని ‘హోల్డ్’లో పెట్టడం తెలివైన పనే, నేనూ చేస్తాను. గడువు దాటగానే తీసేయాలి. బ్రౌజర్, నెట్ కనెక్షన్‌కి రక్షణ ఇచ్చే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లాంటివి ఏడాదిపాటు పాతవే ఉంచుకుని బ్యాంకు పని చేయడం ఏ లెక్కనా మంచిది కాదు. నా వరకు శనివారం సాయంత్రం అప్‌డేట్ కొట్టి, అక్కడే రీబూట్ చేసి, లాగిన్ అయ్యి చూసుకునే ఇంటికెళ్తాను. మింట్‌లో అయితే ముందు సిస్టమ్‌ని పాత స్థితికి తెచ్చుకునేలా టైమ్‌షిఫ్ట్ స్నాప్‌షాట్ ఒకటి తీసుకోండి.

ఇన్ని చేసినా బొమ్మ రాకపోతే, తెలిసినవాళ్లకి ఫోన్ చేసే ముందు రెండు ఫొటోలు తీసిపెట్టండి. ఎఫ్ 3 తెరలో ‘వార్’ ఫోల్డర్‌లో ‘లాగ్’, అందులో ‘ఆప్ట్’ కింద ‘హిస్టరీ’ లాగ్ ఉంటుంది, నిన్న ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌కి మారిందో అందులో ఉంటుంది. దాని చివరి పేరా ఒక ఫొటో. సిస్టమ్ ఇప్పుడు పాత కెర్నల్‌తో నడుస్తుంటే, అంతకుముందు బూట్‌లో వచ్చిన ఎర్రర్లు చూపమని సిస్టమ్ లాగ్ చూపే జర్నల్‌సీటీఎల్‌ని అడిగి, వచ్చిన ఎర్ర అక్షరాలు ఇంకో ఫొటో. “డిస్‌ప్లే రావట్లేదన్నా” అనే వాయిస్ మెసేజ్ కంటే ఈ రెండూ వాట్సాప్‌లో పంపితే, అవతలి మనిషి మీ ఆఫీసు దాకా రాకుండానే పని అయిపోవచ్చు.