చుఖాజియన్ ఒపేరాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఆర్మేనియన్ల తొలి ఒపేరా (మొత్తం పాటలతో నడిచే నాటకం) ‘అనూష్’.

వాస్తవం: ఆర్మెన్ తిగ్రానియన్ ‘అనూష్’ను అలెగ్జాండ్రపోల్‌లో (నేటి గ్యుమ్రి) 1912లో ఆడారు. అంతకు 44 ఏళ్ల ముందే, 1868లో, కాన్‌స్టాంటినోపుల్‌లో (నేటి ఇస్తాంబుల్) ఆర్మేనియన్ స్వరకర్త తిగ్రాన్ చుఖాజియన్, అర్షాక్ అనే ఆర్మేనియన్ రాజు కథతో ‘రెండవ అర్షాక్’ ఒపేరా రాసేశారు. కాకపోతే ఆయన బతికుండగా అది పూర్తిగా వేదికెక్కలేదు. ఆర్మేనియన్ భాషలో రాసినది అర్షాక్ ముందు, ఆడినది అనూష్ ముందు. ఏది తొలి ఒపేరా అన్న తగువంతా ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే.

అపోహ: ‘అర్షాక్’ ఎక్కడ విన్నా ఒకటే.

వాస్తవం: చాలామంది బోల్తా పడేది ఇక్కడే. తొవ్మాస్ తెర్జియన్ రాసిన అసలు పాఠంలో (అంటే ఒపేరాలో పాడే మాటల్లో) నాలుగో శతాబ్దపు ఈ రాజు అధికారం కోసం అయినవాళ్లనే చంపించే క్రూరుడు. 1945లో ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో ఆడినప్పుడు, సోవియట్ కాలపు అభిరుచికి తగ్గట్టు పాఠం తిరగరాసి, ఆయన్ను దేశభక్తుడిని చేశారు. అసలు పాఠానికి దగ్గరగా ఉన్న ప్రదర్శన 2001లో శాన్ ఫ్రాన్సిస్కో ఒపేరాలో జరిగింది. అందుకే ఇందులోని ఆరియా (ఒక్కరే పాడే పాట) నేర్చుకునేవారు ముందు చూడాల్సింది స్వరం కాదు, పాఠం. ఒక పాఠం కాగితం పట్టుకుని మరో పాఠం రికార్డింగ్‌తో సాధన చేస్తే, మాటలు కలవక రెండో వాక్యానికే తాళం తప్పుతుంది. పాత సోవియట్ రికార్డింగ్ అయితే అది మార్చిన పాఠమే అనుకోండి.

అపోహ: తిగ్రాన్ చుఖాజియన్, దిక్రాన్ చుఖాజియన్ ఇద్దరు వేర్వేరు మనుషులు.

వాస్తవం: ఒక్కరే. తూర్పు ఆర్మేనియన్‌లో ‘త’ పలికే అక్షరాన్ని పశ్చిమ ఆర్మేనియన్‌లో ‘ద’ అంటారు, ‘గ’ను ‘క’ అంటారు. తిగ్రాన్ కాస్తా దిక్రాన్ అయ్యేది అలాగే. వెతికేటప్పుడు రెండు రూపాలూ కొట్టండి. ఇస్తాంబుల్ ఆర్మేనియన్లది పశ్చిమ మాండలికం. పాడేటప్పుడు రెండూ కలగాపులగం చేస్తే తెలిసినవాళ్ల చెవికి ఇట్టే దొరికిపోతారు.

అపోహ: ‘లెబ్లెబీజీ హోర్‌హోర్ ఆగా’ టర్కీ జానపదం.

వాస్తవం: మాటలు టర్కిష్, రాసిన తక్వోర్ నాలియన్, స్వరపరచిన చుఖాజియన్ ఇద్దరూ ఆర్మేనియన్లు. 1875 నాటి ఈ ఆపరెట్టా (తేలికపాటి హాస్య ఒపేరా) కథ, వేయించిన శనగలమ్ముకునే తండ్రి, పెద్దింటి కుర్రాడితో నగరానికి వెళ్లిపోయిన కూతురి కోసం వెతుక్కుంటూ రావడం. తోటి శనగల వర్తకులంతా కట్టకట్టుకుని పాడే బృందగానమే దీనికి ప్రాణం. చుఖాజియన్ మిలాన్‌లో నేర్చిన ఇటాలియన్ పద్ధతి మీద ఇస్తాంబుల్ వీధి బాణీ కూర్చుంది.

అపోహ: అంత పేరున్న చుఖాజియన్ బాగా గడించి ఉంటారు.

వాస్తవం: 1898లో స్మిర్నాలో (నేటి టర్కీలోని ఇజ్మీర్) పేదరికంలోనే పోయారు.